మందు కొట్టి ఎన్నాళ్లయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పురుగుమందుల అవశేషాల గురించి, సేంద్రియ కూరగాయల గురించి రాసినవే. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని జవాబు రాశాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: మా ఇంట్లో అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు ఉంటాం. కూరగాయలకు నెలకు మూడు వేల దాకా అవుతోంది. కొత్తగా తెరిచిన సేంద్రియ దుకాణంలో అన్నీ కొన్న నెల అది రెట్టింపు దాటింది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడివాళ్లు చూసుకునే జాబితా ఒకటి పంపింది. అందులో స్ట్రాబెర్రీ, పాలకూర, ద్రాక్ష, యాపిల్ వంటివి సేంద్రియమైనవే కొనాలని, ఉల్లి, అనాస, బొప్పాయి మామూలువి కొన్నా ఫరవాలేదని ఉంది. మేము దేనికి డబ్బు పెట్టాలి? "మా కాలంలో ఈ గొడవలు ఉన్నాయా?" అని అత్తయ్యగారు కోప్పడుతున్నారు. (అమలాపురం)

జవాబు: మీ ఆడపడుచుగారు పంపినది ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ఏటా వెలువరించే జాబితా. అమెరికా వ్యవసాయ శాఖ 1991 నుంచి జరుపుతున్న అవశేష పరీక్షల ఫలితాలే దానికి ఆధారం. అక్కడ నమూనాలను ఇంట్లో తినేముందు చేసినట్టే కడిగి, తొక్క తీయవలసినవాటికి తొక్క తీసి మరీ పరీక్షిస్తారు కాబట్టి ఆ అంకెలకు విలువ ఉంది. అయితే ఆ విలువ ఆ దేశపు అంగడికి చెందినది. అమలాపురం మార్కెట్లో మీరు వారం వారం కొనే బెండ, దొండ, గోంగూర, కరివేపాకు ఆ జాబితాలో ఎక్కడా కనిపించవు, మీ వంటింట్లో స్ట్రాబెర్రీకి పెద్దగా పని లేదు. అందుచేత ఆ జాబితాను పక్కన పెట్టి, మన లంకల్లోను, మెరక పొలాల్లోను పంట ఎలా పండుతుందో దాన్నిబట్టి ఆలోచించడం మంచిది.

ప్రతి పురుగుమందుకూ, కొట్టిన తరువాత పంట కోయడానికి ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీదో, దానితో ఇచ్చే కాగితం మీదో రాసి ఉంటుంది. కొన్నింటికి అది మూడు రోజులు, కొన్నింటికి వారం, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఆ గడువులో ఎండకూ గాలికీ మందు విరిగిపోతుంది, కాయ పెరిగేకొద్దీ మిగిలినది పలచబడుతుంది. ఇప్పుడు బెండ చేను సంగతి చూడండి. బెండకాయను రోజు మార్చి రోజు కోయాలి, మూడో రోజుకు ఆగితే ముదిరిపోయి ఎవరూ కొనరు. తెల్లవారుజామున నాలుగింటికి తలకు లైటు కట్టుకుని, చేతులకు దురద పట్టకుండా పాత చొక్కా చేతులు తొడుక్కుని కోసి, ఆటోకు ఎక్కించిన రైతు, ఆ రోజే సాయంత్రం పచ్చదోమకో కాయతొలుచు పురుగుకో మందు కొడితే, ఎల్లుండి తెల్లవారేసరికి మళ్లీ కోయక తప్పదు. మందు మీద వారం ఆగాలని రాసి ఉన్నా ఆ వారంలో మూడు కోతలు నేలపాలు చేసుకోగల స్తోమత కౌలు రైతుకు లేదు. తప్పు ఆయన ఒక్కడిదని నేను అనలేను, కానీ ఆ కాయ వచ్చి పడేది మీ కంచంలోనే.

కాబట్టి మీరు పెట్టుకోవలసిన మొదటి గుర్తు ఇది: తరచుగా కోసే పంటల్లో అవశేషం మిగిలే అవకాశం ఎక్కువ, ఒక్కసారి తవ్వేవాటిలోను, ఎన్నో నెలలు మొక్క మీద ఉండి ఒకేసారి దిగేవాటిలోను తక్కువ. బెండ, వంగ, పచ్చిమిర్చి, దొండ, కాకర, బీర మొదటి జాతివి. కంద, పెండలం, చేమ, గుమ్మడి, బూడిద గుమ్మడి, అరటికాయ, పనస, కొబ్బరి రెండో జాతివి. వీటిలో చాలావాటికి మనం తీసి పారేసే మందపాటి తొక్క కూడా ఉంది. అంటే కోనసీమ ఇళ్లలో పండక్కి వండే కంద బచ్చలి కూరకూ, పనసపొట్టు కూరకూ సేంద్రియ దుకాణంలో రెట్టింపు ధర పెట్టడం నా దృష్టిలో దండగ.

రెండో గుర్తు ఆకు. ఆకుకూరలో తినే భాగమే మందు పడే భాగం, బరువుతో పోల్చితే దాని వైశాల్యం ఎక్కువ, తొక్క తీయడానికి ఏమీ ఉండదు. అందులోనూ కొత్తిమీర, పుదీనా, కరివేపాకు విషయంలో జాగ్రత్త అవసరం. మనదేశం నుంచి వెళ్లే కరివేపాకునూ బెండకాయనూ ఐరోపా సంఘం ఓడరేవుల్లోనే ఆపి, పురుగుమందుల అవశేషాల కోసం మామూలుకంటే ఎక్కువగా తనిఖీ చేసిన సంవత్సరాలు ఉన్నాయి. కరివేపాకును మనం కొద్దిగానే వేసుకుంటాం కదా అనవచ్చు. తాలింపులోది ఏరి పారేసేవారికి అది నిజమే, కరివేపాకు పొడి, కరివేపాకు కారం పిల్లల అన్నంలో కలిపే ఇళ్లకు అది వర్తించదు. శీతాకాలంలో వచ్చే కాలీఫ్లవరు కూడా ఈ వరుసలోనే చేర్చండి. పువ్వు సందుల్లో దాగే పురుగు కోసం దానికి పదే పదే కొడతారు, ఆ సందుల్లోకి నీళ్లు పోయి కడిగి రావడం కష్టం.

ఈ లెక్కన మీ మూడు వేల రూపాయల్లో ఆకుకూరలు, కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి, వంగ, బెండ నమ్మకమైన సేంద్రియ రైతు దగ్గర తీసుకుని, మిగిలినవన్నీ మామూలు మార్కెట్లో తీసుకోండి. ఖర్చు రెట్టింపు కాదు.

అత్తయ్యగారి మాటకు వస్తే, ఆమె కాలంలోనూ ఈ గొడవలు ఉన్నాయి, పేర్లే వేరు. బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడిని గుడ్డసంచిలో పోసి వరి చేల మీద దులిపిన రోజులను ఆమె చూసే ఉంటారు. వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని మన దేశం 1989లోను, బి.హెచ్.సి.ని 1997లోను నిషేధించింది. అవి నేలలోను, కొవ్వులోను ఏళ్ల తరబడి ఉండిపోయే రకాలు. ఇప్పటి మందులు చాలావరకు త్వరగా విరిగిపోతాయి, అయితే వాటిని కొట్టే సార్లు పెరిగాయి.

ప్రశ్న: పుచ్చు ఉన్న వంకాయ అయితే మందు కొట్టనిదని మా అమ్మ ఏరి మరీ పుచ్చులే తెస్తుంది. నిజమేనా? (రావులపాలెం)

జవాబు: కాదు. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ చదువుకున్నవారిలో కూడా గట్టిగా పాతుకుపోయింది.

ఒక పుచ్చు వంకాయను నిలువునా కోసి చూడండి. కాయ పైన మీకు కనిపించే గుండ్రటి కన్నం పురుగు లోపలికి వెళ్లిన దారి కాదు, తిని పెద్దదై బయటికి వచ్చిన దారి. లోపలికి వెళ్లినప్పుడు అది వెంట్రుకవాసి పిల్లపురుగు. తొడిమ కింద ముచ్చిక అంచున దూరి, వెనక తన రెట్టతోనే దారి మూసేసుకుంటుంది. ఆ క్షణం తరువాత పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. మందు పనిచేయడం లేదని రైతు మళ్లీ కొడతాడు, ఈసారి రెండు రకాలు కలిపి కొడతాడు. పుచ్చు వంకాయ అన్నది చాలాసార్లు, ఎక్కువ సార్లు మందు పడ్డ చేను నుంచి వచ్చినదే అవుతుంది. అలాగని నిగనిగలాడే కాయ మంచిదనీ చెప్పలేం. కాయను చూసి ఏమీ తేల్చలేం అన్నదే ఇక్కడ సరైన జవాబు.

మందు లేకుండా వంగ పండించే రైతును గుర్తుపట్టాలంటే కాయను కాక చేనును చూడాలి. మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు వేలాడుతున్నాయా, వాడి తలవాల్చిన కొమ్మ చివర్లను తుంచి కాల్చేస్తున్నారా, గట్టున బంతి, జొన్న వంటివి వేశారా అన్నవి చూడండి. ఇవి ఉన్నచోట రెండు పుచ్చులు వచ్చినా ఆ కాయలు ధైర్యంగా కొనవచ్చు.

ప్రశ్న: ఉప్పు నీళ్లు, పసుపు, వెనిగర్, వంటసోడా, దుకాణాల్లో అమ్మే కూరగాయలు కడిగే ద్రవాలు, వీటిలో ఏది పనిచేస్తుంది? గిన్నెలు తోమే సబ్బు వాడవచ్చా? (పాలకొల్లు)

జవాబు: సబ్బు వాడకండి. కూరగాయ తొక్కలో సన్నటి రంధ్రాలు ఉంటాయి, సబ్బు వాటిలో దిగి మిగిలిపోతుంది. ఒక రసాయనం పోగొట్టబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టు అవుతుంది. పసుపు వల్ల అవశేషాలు పోతాయని నేనైతే చెప్పను.

మిగిలినవాటి గురించి చెప్పేముందు మందుల్లో రెండు తెగలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి పైపైన ఉండి, పురుగుకు తగిలి చంపేది. రెండోది మొక్క పీల్చుకుని, రసంతో పాటు ఆకుకూ కాయకూ వెళ్లేది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వంటివి రెండో తెగవి. మొదటి తెగది కడిగితే చాలావరకు పోతుంది. రెండోది కాయ లోపల ఉంటుంది కాబట్టి ఏ నీళ్లూ దాన్ని బయటికి తేలేవు. కడిగే ద్రవం సీసా మీద నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పోతాయని రాసి ఉంటే, ఏ మందు, ఏ కూరగాయ అని అడగండి.

పైనున్న మందుకు అన్నిటికంటే పనికొచ్చేది పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగడం. గిన్నెలో నానబెట్టి తీయడం కన్నా ఇదే మేలు. దానికి తోడు లీటరు నీటికి ఇరవై గ్రాముల ఉప్పు, అంటే వంటింట్లో పెద్ద చెంచాకు నిండుగా వేసి, పది పదిహేను నిమిషాలు ఉంచి, ఆపైన మంచినీళ్లతో రెండుసార్లు కడగవచ్చు. వంటసోడా విషయంలో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారు 2017లో యాపిల్ పండ్ల మీద చేసిన ప్రయోగం ఉంది. లీటరు నీటికి పది గ్రాముల సోడా కలిపి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే, థయాబెండజోల్, ఫాస్మెట్ అనే రెండు మందులు తొక్క పైనుంచి పోయాయి. అయితే మొదటి మందులో అయిదో వంతు అప్పటికే తొక్క లోపలికి దిగిపోయి ఉండడం వల్ల ఆ భాగం కదలలేదు. ఆ ప్రయోగంలో తేలిన రెండు సంగతులనూ కలిపే గుర్తుపెట్టుకోవాలి, సోడా గురించి చెప్పేవారు రెండోది చెప్పడం మానేస్తున్నారు.

కడిగిన తరువాతే కోయండి. తరిగి కడిగితే పైనున్నది కోసిన అంచుల గుండా లోపలికి వెళుతుంది, విటమిన్లు నీళ్లలోకి పోతాయి. ఆకుకూరను కట్ట విప్పకుండా నీళ్లలో ముంచి తీస్తున్నవారు చాలామంది ఉన్నారు. కట్ట విప్పి, వేళ్లు కోసి, రెండు మూడు నీళ్లు మార్చాలి.

ప్రశ్న: భీమవరంలో ఒక దుకాణంలో ఆరు నెలలుగా "వంద శాతం ఆర్గానిక్" అని అచ్చు వేసిన సంచుల్లో కూరగాయలు కొంటున్నాం. ఒకరోజు తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్‌కు వెళితే, ఆ దుకాణం కుర్రాడు అందరితోపాటు అక్కడే బుట్టలు ఎత్తుకోవడం మావారి కంటబడింది. అడిగితే, మా రైతులు ఇక్కడికే పంపుతారండి అన్నాడు. ఎలా నమ్మాలి? (భీమవరం)

జవాబు: ఆ కుర్రాడు చెప్పినది నిజమో కాదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ మీ అనుమానం అర్థవంతమైనది. సంచి మీద ఎవరైనా ఏమైనా అచ్చు వేయించుకోవచ్చు. సేంద్రియమని చెప్పి ప్యాకెట్లో అమ్మాలంటే ఏం ఉండాలన్నది భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన నిబంధనల్లో ఉంది. ప్యాకెట్టు మీద "జైవిక్ భారత్" గుర్తు ఉండాలి. దానితో పాటు రెండు ధ్రువీకరణ పద్ధతుల్లో ఒకదాని గుర్తు కనిపిస్తుంది. ఒకటి, 2001 నుంచి నడుస్తున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. ఇందులో బయటి సంస్థ వచ్చి పొలాన్నీ రికార్డులనూ తనిఖీ చేస్తుంది, ఎగుమతులకు ఇదే కావాలి. రెండోది పి.జి.ఎస్. (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) ఇండియా. ఇందులో కనీసం అయిదుగురు రైతులు జట్టు కట్టి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఒకరు తప్పు చేస్తే జట్టు మొత్తానికి మచ్చ వస్తుంది కాబట్టి, చిన్న రైతుల విషయంలో నాకు ఈ రెండోదాని మీదే మక్కువ ఎక్కువ. పి.జి.ఎస్.లో "గ్రీన్" అని ఉంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం. నిన్నటిదాకా మందు వాడిన నేల ఈ రోజు నుంచి సేంద్రియం అయిపోదు. జాతీయ కార్యక్రమం లెక్కలో ఏడాది పంటలకు విత్తడానికి ముందు రెండేళ్లు, పండ్లతోటలకు మొదటి కోతకు ముందు మూడేళ్లు గడవాలి.

విడిగా అమ్మే కూరగాయల దగ్గర చిక్కు వస్తుంది. ఏడాదికి పన్నెండు లక్షల రూపాయలకు మించని అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారులు నేరుగా తినేవారికి అమ్ముకుంటే, ఈ ధ్రువీకరణ అక్కరలేదని ఆ నిబంధనలే మినహాయింపు ఇచ్చాయి. అందువల్ల బుట్టతో వచ్చిన రైతు దగ్గర కాగితం లేకపోవడం నేరమూ కాదు, మోసానికి గుర్తూ కాదు. కానీ ఆ మినహాయింపు రైతుకే, మధ్యలో కొని అమ్మే దుకాణానికి కాదు. కాబట్టి మీ దుకాణాన్ని అడగవలసినది ఒక్కటే: ఈ బెండకాయ ఏ ఊరి రైతుది, ఆ రైతు ధ్రువపత్రం సంఖ్య ఎంత? జవాబు రాకపోతే ఎక్కువ ధర చెల్లించడం మానేయండి.

ఇంకొక మాట. ధ్రువీకరణ ఉన్న సరుకులో కూడా అవశేషం శూన్యమని చట్టం చెప్పడం లేదు. మామూలు పంటకు అనుమతించిన గరిష్ఠ పరిమితిలో అయిదు శాతానికి మించరాదు అన్నదే సేంద్రియ ఆహారానికి పెట్టిన హద్దు. పక్క చేను నుంచి గాలికి కొట్టుకొచ్చేది, పాత మందుల తాలూకు నేలలో మిగిలినది ఉంటాయని తెలిసే ఆ హద్దు పెట్టారు.

ప్రశ్న: ఆత్రేయపురం మండలంలో ఎకరంన్నర వరి, అర ఎకరం కూరగాయలు ప్రకృతి వ్యవసాయంలో పండిస్తున్నానండి. నాలుగేళ్లుగా ఆవు పేడ, మూత్రంతో చేసుకునే జీవామృతం, ఘనజీవామృతం, వేపతో చేసుకునే నీమాస్త్రం తప్ప వేరే ఏదీ వాడలేదు. కానీ నా చేనుకు నీరు పై చేల మీదుగానే వస్తుంది, వాళ్లందరూ గుళికలు వేస్తారు, కలుపు మందు కొడతారు. నా పంట సేంద్రియమని చెప్పుకోవడం మోసమవుతుందా? (ఆత్రేయపురం)

జవాబు: మీరు ఈ మాట అడిగారంటేనే మీరు మోసం చేసే రకం కాదని తెలుస్తోంది. మీ ప్రశ్న డెల్టా రైతుకు తప్ప ఇంకెవరికీ ఇంత ఇబ్బందిగా ఉండదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయి కాలువలు సాగాక మన భూములు అన్నపూర్ణ అయ్యాయి, నిజమే. కానీ బోదె నుంచి ఒక చేనులోకి, ఆ చేను నిండి గట్టు తెగి పక్క చేనులోకి పారే పద్ధతి వల్ల ఎవరి నీరు వారిది కాకుండా పోయింది. మెట్ట ప్రాంతంలో బోరు కింద పండించే రైతు తన కంచె వరకు చూసుకుంటే సరిపోతుంది. మీరు పై రైతు ఏ రోజు గుళికలు చల్లాడో కూడా తెలుసుకోవాలి.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మీ చేనుకు వీలైతే బోదె నుంచి విడిగా మడవ పెట్టుకోండి, అది ఒక్క అడుగు వెడల్పు కాలువైనా చాలు. అది కుదరకపోతే పై రైతును ముందుగా అడిగి, ఆయన గుళికలు చల్లిన తరువాత కొన్నాళ్లపాటు మడవ మూసి ఉంచండి. నీరు నిలబడేకొద్దీ మందు కొంత నేలకు అంటుకుంటుంది, కొంత విరిగిపోతుంది. నీరు వచ్చే మూల పది గజాల మేర పంటను వేరుగా కోసి, వేరుగా అమ్మండి. ధ్రువీకరణ తనిఖీల్లో దీన్నే రక్షణ పట్టీ అంటారు, అక్కడి దిగుబడిని సేంద్రియంలో కలపనివ్వరు. గాలివాటు వైపు గట్టు మీద కంది, అవిసె వంటి ఎత్తైన వరుస ఉంటే ఎగిరివచ్చే తుంపర్లు తగ్గుతాయి. సుడిదోమ విషయంలో మాత్రం ఊళ్లో అందరూ కలిసి నడిస్తేనే ఫలితం. ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలి నాటడం, అప్పుడప్పుడు నీరు తీసి ఆరబెట్టడం, ఈ రెండింటినీ మీరు చేస్తున్నారనుకుంటాను. పై రైతుచేత కూడా చేయించగలిగితే ఆయన కొట్టే మందే తగ్గుతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి మందులు కొట్టినచోట దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి సుడిదోమ ఇంకా పెరుగుతుందని ఆయనకు చెప్పి చూడండి, డబ్బు లెక్కగా చెబితే వింటారు.

ఇక ఏమని అమ్మాలి అన్నది. ధ్రువపత్రం లేనంతవరకు "సేంద్రియం" అన్న మాట వాడకుండా, "నాలుగేళ్లుగా నేను పురుగుమందు కొట్టలేదు, నీరు మాత్రం పై చేల మీదుగా వస్తుంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మీ మండలంలో ఉంటే, ఆ సిబ్బందిని పట్టుకుని పి.జి.ఎస్. జట్టు కట్టే ప్రయత్నం చేయండి. అదే కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. పురస్కారం మీ బోదెలో నీళ్లను శుభ్రం చేయదు గానీ, నలుగురు రైతులను ఒకచోట కూర్చోబెట్టడానికి పనికి రావచ్చు.

ప్రశ్న: షుగరు వచ్చినందువల్ల దంపుడు బియ్యానికి మారాం. తెల్ల బియ్యంలో లేని మందు దంపుడు బియ్యంలో ఉంటుందని ఎవరో అన్నారు. (నరసాపురం)

జవాబు: ఆ మాటలో పస ఉంది. కొవ్వులో కరిగే అవశేషాలు గింజ పైపొరల్లో, అంటే తవుడులో ఎక్కువగా చేరతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ఆ పొర మిల్లులోనే పోతుంది, దంపుడు బియ్యంలో మీరు దాన్ని తింటారు. పీచు, బి విటమిన్లు ఉండేదీ ఆ పొరలోనే కాబట్టి దంపుడు మానేయమని అనను. కూరగాయల్లో ఆచితూచి ఖర్చు పెట్టమన్న నేనే, దంపుడు బియ్యం తినే ఇంటికి మాత్రం సేంద్రియ బియ్యం కొనమని చెబుతాను. పాలిష్ బియ్యం తినేవారు, పాత రోజుల్లోలా ఎక్కువ నీళ్లలో ఉడికించి గంజి వార్చుకుంటే నీటిలో కరిగే అవశేషం కొంత గంజితో పోతుంది, కొన్ని విటమిన్లు కూడా పోతాయి.

అలా తెచ్చుకున్న సేంద్రియ బియ్యానికి పురుగు పడుతుందని బోరిక్ పౌడరు కలిపి డబ్బాలో పోసిన ఇల్లు నేను స్వయంగా చూశాను. నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని ఎండబెట్టి, ఎండుమిర్చో వేపాకో వేసి మూత గట్టిగా పెట్టుకోండి.

ప్రశ్న: నాకు ఇప్పుడు అయిదో నెల. సేంద్రియ కూరగాయలు దొరకని రోజు కూరగాయ తినడమే మానేస్తున్నాను. పప్పు, పెరుగుతో సరిపెట్టుకుంటున్నాను. (రాజమహేంద్రవరం)

జవాబు: అలా చేయకండి అమ్మా. ఆకుకూర తినకపోవడం వల్ల మీకూ బిడ్డకూ జరిగే నష్టం ఖాయమైనది, అనుమతించిన హద్దులో ఉన్న అవశేషం వల్ల జరిగేది అంత ఖాయమైనది కాదు. హద్దు అంటే ఎంత చిన్నదో చెబుతాను. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందులకు మన దేశంలో ఉన్న సాధారణ హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే వంద టన్నుల కూరగాయలకు ఒక్క గ్రాము.

సేంద్రియానికి విలువ లేదని కూడా అనను. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఇరవైమూడు మంది బడిపిల్లలకు అయిదు రోజులపాటు సేంద్రియ ఆహారం పెట్టి మూత్రం పరీక్షిస్తే, మలాథియాన్, క్లోరిపైరిఫాస్ తాలూకు ఆనవాళ్లు కనిపించని స్థాయికి పడిపోయాయి, మామూలు తిండికి రాగానే మళ్లీ కనిపించాయి. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. మరోవైపు 2012లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువన్నదానికి గట్టి ఆధారం లేదని, అవశేషాలు కనబడే అవకాశం మాత్రం తక్కువని తేల్చారు. మీరు ఇప్పుడు చేయవలసినది, దొరికిన రోజు సేంద్రియ ఆకుకూర, దొరకని రోజు బాగా కడిగిన మామూలు ఆకుకూర లేదా తొక్క తీసిన ఆనపకాయ, అరటికాయ, కంద. ఇంట్లో దోమలకూ బొద్దింకలకూ కొట్టే డబ్బాలను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. కూరగాయ గురించి ఇంత భయపడే ఇళ్లలో ఆ పొగను రాత్రంతా పీల్చడం గురించి ఎవరూ అడగరు.

ప్రశ్న: కడియం నర్సరీ నుంచి కరివేపాకు మొక్క తెచ్చి పెరట్లో నాటాం. వెంటనే వాడుకోవచ్చా? మందు లేకుండా పెంచడం వీలవుతుందా? (తణుకు)

జవాబు: నర్సరీలో మొక్కకు ఏ మందు పడిందో మీకు తెలియదు, వాళ్లు దాన్ని తినడానికి కాక నాటడానికి పెంచుతారు. అందుకని ఇప్పుడున్న ఆకును వాడకండి. కుండీలోంచి తీసి నాటిన మొక్క నిలదొక్కుకున్నాక పైకొమ్మలు కత్తిరించేసి, కొత్తగా వేసిన చిగుళ్లు ముదిరాక వాటిని కోసుకోండి. ఆకులు ముడుచుకుని జిగురుగా ఉంటే అది పేనుబంక జాతి పురుగు. రెండు రోజులకోసారి కుళాయి గొట్టంతో ఆకుల అడుగున నీళ్లు బలంగా కొట్టి, తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి చిటికెడు సబ్బుపొడి వేసి సాయంత్రం పూట చల్లండి. నిమ్మచెట్టు మీద వాలే నల్ల సీతాకోకచిలుక దీని మీదా గుడ్లు పెడుతుంది. పక్షి రెట్టలా కనిపించే దాని పిల్లపురుగులను చేత్తో ఏరేస్తే చాలు, ఒక్క మొక్కకు పది నిమిషాల పని. పొద్దున్న ఏరితే బాగా కనిపిస్తాయి.